తెల్లగా పేరుకున్న నూనె

మా అక్క మిర్యాలగూడలో పిండివంటలు చేసి అమ్ముతుంది. కారప్పూస, చెకోడీలు, గవ్వలు, సకినాలు, ఆర్డరు వస్తే కజ్జికాయలు. రైస్‌మిల్లుల లారీలు తిరిగే రోడ్డు పక్కనే ఇల్లు. ముందు గది దుకాణం, వెనక రేకుల షెడ్డులో పెద్ద పొయ్యి. బావ ఒక మిల్లులో పనిచేస్తాడు. పక్క వీధి నుంచి ఇద్దరు ఆడవాళ్లు రోజూ వచ్చి పిండి కలపడానికి, వత్తడానికి సాయం చేస్తారు. నేను సూర్యాపేటలో ఒక ప్రైవేటు బడిలో సైన్సు చెబుతాను. ఆదివారం చర్చిలో ఆరాధన అయిపోగానే బస్సెక్కి అక్క దగ్గరికి పోవడం, సాయంత్రం దాకా ఆమె పక్కన పీట వేసుకుని కూర్చోవడం నాకు చాలా ఏళ్ల అలవాటు.

మొదట్లో అక్క పల్లినూనెతోనే చేసేది. ఇంట్లో వాళ్లకూ, చుట్టాలకూ చేసినంత కాలం అది సాగింది. దుకాణం పెట్టి, రోజంతా పొయ్యి మండే పరిస్థితి వచ్చాక పామాయిల్‌కు మారింది. ధర ఒక్కటే కారణం కాదు. ఎంతసేపు కాగినా ఆ నూనెకు తొందరగా పొగ రాదు. కారప్పూస వేస్తే నురగ పైకి పొంగి పొయ్యిలో పడదు. దానికంటూ ఒక రుచి లేదు కాబట్టి వాము వేస్తే వాము రుచే, వెన్న వేస్తే వెన్న రుచే నాలుకకు తగులుతుంది. అన్నిటికంటే ముఖ్యం, వేయించిన సరుకు నెల దాటినా కరకరలాడుతూనే ఉంటుంది. పాత నూనె వాసన అంత త్వరగా పట్టదు.

చలికాలంలో పామాయిల్ పాకెట్టు నెయ్యిలా గడ్డకట్టడం మా వైపు వంటిళ్లలో ఎవరికీ కొత్త కాదు. డిసెంబరు పొద్దుటి పూట పాకెట్టు మూల కత్తిరిస్తే నూనె కారదు, ముద్దలుగా జారుతుంది. అక్క ఆ పాకెట్లను వేణ్ణీళ్ల బకెట్లో కాసేపు ముంచి ఉంచేది. డబ్బా నూనె అయితే పొయ్యికి దగ్గరగా జరిపేది. అది గడ్డకడుతుందని మాకు తెలుసు. గడ్డకట్టినా అది నూనేనని కూడా తెలుసు. అందుకే ఆ గడ్డ మీద ఒక రోజు మా బతుకు ఆగిపోతుందని మేమెవరం ఊహించలేదు.

ఆ ఏడు క్రిస్మస్‌కు కోదాడ నుంచి పెద్ద ఆర్డరు వచ్చింది. అక్కడి చర్చి మహిళలు పండుగ రోజు ఆరాధనకు వచ్చిన పిల్లలందరికీ తలా ఒక పొట్లం పంచాలనుకున్నారు. కారప్పూస, గవ్వలు. ఆర్డరు ఇచ్చింది వాళ్లలో పెద్దావిడ, రిటైరైన టీచరు. అక్క ఆమెను ఎప్పుడూ చూడలేదు, ఫోన్లోనే మాట్లాడింది. మాట పద్ధతిగా ఉందనీ, గవ్వల్లో బెల్లం పాకమే ఉండాలని, పంచదార వద్దని చెప్పిందనీ నాతో మురిపెంగా అన్నది.

ఆ వారం చలి గట్టిగా పట్టింది. పండుగ ముందు రోజుల్లో ఎన్ని ఆర్డర్లున్నా కోదాడ సరుకును అక్క తన చేత్తోనే వేయించింది. కవర్లకు ఎర్ర రిబ్బను కట్టి అట్టపెట్టెల్లో సర్దించింది. తెల్లవారగానే బావ వాటిని బస్సు పైన వేసి పంపాడు. పెట్టెలు మంచు గాలిలో హుజూర్‌నగర్ మీదుగా కోదాడ చేరాయి. అక్కడ చర్చి పక్క గదిలో, బండల మీద, పండుగ దాకా ఉన్నాయి.

పండుగ మరునాడు మా బడికి సెలవు. అయినా పరీక్ష పేపర్లు దిద్దే పని ఉండి టీచర్లం కొందరం వచ్చాం. నా పక్కన కూర్చునే తెలుగు మేడం ఫోను నా ముందు పెట్టింది.

"మేడం, గిది సూసిండ్రా? మిర్యాలగూడ సరుకంట. జర పైలం, మీరు గూడ ఆడికి పోతుంటరు కద."

వీడియోలో ఒక ఆడమనిషి చేయి కనిపిస్తున్నది. ముఖం లేదు. కారప్పూస చుట్ట మీద తెల్లటి పొర, పౌడరు చల్లినట్టు. ఆ చేయి గోటితో గీకింది. గోటి కింద తెల్లగా మెత్తటి ముద్ద చేరింది. గొంతు స్థిమితంగా ఉంది, పాఠం చెబుతున్నట్టుగా.

"చూడండమ్మా, ఇది మైనం. నూనెలో మైనం కలిపి వేయించారు. పిల్లలకు పంచబోయే ముందు నా కంట పడింది కాబట్టి సరిపోయింది. మీరంతా ఇళ్లల్లో జాగ్రత్తగా ఉండండి."

పక్కన తెరిచి ఉన్న కవరు, దాని ఎర్ర రిబ్బను నేను గుర్తుపట్టాను.

"అది మా అక్క చేసిందే మేడం," అన్నాను. "మైనం కాదు. చలికి నూనె పేరుకుంది."

ఆమె ముఖం చిన్నబోయింది. "అయ్యో, నాకు తెల్వదు మేడం," అని ఫోను లాక్కుంది. పేరుకోవడం గురించి నేను చెప్పినదంతా తల ఊపుతూ విన్నది. కానీ మధ్యాహ్నం నేను టిఫిను డబ్బా తెరిచి చెకోడీలు ముందుకు జరిపితే, ఎన్నో ఏళ్లుగా అడిగి మరీ తీసుకునే మనిషి, "కడుపు నిండింది మేడం" అన్నది. నా మాట నమ్మిందో లేదో ఆమెను అడగలేకపోయాను.

ఆ సాయంత్రమే మిర్యాలగూడ పోయాను. దుకాణం సగం షట్టరు దించి ఉంది. లోపల అట్టపెట్టెలు. కోదాడవి మాత్రమే కావు, ఊళ్లో దుకాణాల వాళ్లు కూడా సరుకు వాపసు పంపారు. అక్క నేల మీద కూర్చుని ఒక్కో కవరు విప్పి చూస్తున్నది. కొన్నిటి మీద తెల్లపొర ఉంది, కొన్నిటి మీద లేదు. బావ తలుపు దగ్గర నిలబడి ఎవరితోనో ఫోన్లో గట్టిగా మాట్లాడుతున్నాడు. పెట్టేసి నా వైపు తిరిగాడు.

"కేసు పెడ్త. ముఖం సూపియ్యకుండ వీడియో తీసుడేంది? మన పేరు ఖరాబు జేసె."

"బావా, జర ఆగుర్రి," అన్నాను. "ముందు అక్కను మాట్లాడనియ్యిండ్రి."

అక్క కారప్పూస ముక్క ఒకటి అరచేతిలో పెట్టుకుని గుప్పిట మూసింది. కాసేపటికి తెరిచి నాకు చూపింది. తెల్లపొర లేదు. అరచేయి నూనెతో తళతళలాడుతున్నది.

"మైనమైతే చేతుల కరుగుతదానె?" అన్నది.

"కరగదక్కా. మైనం మన ఒంటి వేడికి కరగదు."

"మరి గిదెందుకు గిట్లయింది? ఏటా చలి పెడ్తది. ఏటా పంపుతున్న. ఎన్నడు గిట్ల కాలె."

నాకు తెలిసింది చెప్పాను. మనం ఒక నూనె అనుకునేది నిజానికి ఎన్నో కొవ్వుల కలగలుపు. కొన్ని కొద్దిపాటి చల్లదనానికే గడ్డకడతాయి, కొన్ని గట్టి చలిలో కూడా పారుతూనే ఉంటాయి. పామాయిల్‌లో ఆ రెండు రకాలూ దాదాపు సగం సగం ఉంటాయి. అందుకే మామూలు ఎండకు పారుతుంది, చలికి ముద్ద అవుతుంది. ఫ్యాక్టరీలో దాన్ని నెమ్మదిగా చల్లార్చి, ముందుగా గడ్డకట్టిన భాగాన్ని వడకట్టి తీసేస్తారు. పైన మిగిలిన పలుచటి నూనె మన పాకెట్లలోకి వస్తుంది. తీసిన గట్టి భాగం డాల్డాకూ, బేకరీలకూ, సబ్బులకూ పోతుంది. ఎంత వడకట్టినా గడ్డకట్టే గుణం కొంత మిగిలే ఉంటుంది. వేయించిన తర్వాత సరుకు లోపలా పైనా అంటిన నూనె చలికి మెల్లగా పేరుకుంటే చిన్న చిన్న పలుకులై తెల్లగా కనిపిస్తుంది. ఈసారి చలి ఎక్కువ, ప్రయాణం చల్లగాలిలో, పెట్టింది చల్లటి బండల మీద.

అక్క శ్రద్ధగా విన్నది. విని, "వీడియోల గొంతు ఆ కోదాడ టీచరమ్మదే. గిదే ఆమెకు చెప్పాలె. ఫోన్ల గాదు. పోదాం," అన్నది.

బావ వద్దన్నాడు. తప్పు చేసినవాళ్లే ఇంటికి పోయి బతిమాలుకుంటారని అన్నాడు. అక్క లేచి కవర్లు రెండు సంచిలో వేసుకుంది.

మరునాడు కోదాడలో టీచరమ్మ ఇల్లు వెతకడం కష్టం కాలేదు. చర్చి దగ్గర అడిగితే చూపించారు. తలుపు తీసింది ఆమే. అక్క తన పేరు చెప్పగానే ఒక్క క్షణం గడప మీదే ఆగి, తర్వాత "లోపలికి రండమ్మా" అన్నది. హాల్లో మంచం మీద ఆమె భర్త పడుకుని ఉన్నాడు. సన్నగా, పాలిపోయి ఉన్నాడు. చొక్కా పై బొత్తాలు పెట్టుకోలేదు. ఛాతీ మధ్యలో నిలువునా కుట్ల మచ్చ కనిపిస్తున్నది. మమ్మల్ని చూసి లేవబోతే ఆమె భుజం మీద చెయ్యి వేసి పడుకోబెట్టింది.

ఆమె మాకు టీ ఇచ్చింది, ప్లేటులో క్రీము బిస్కెట్లు పెట్టింది. గొడవకు వచ్చిన వాళ్లమనుకుని కూడా మర్యాద తప్పలేదు. అక్క గ్లాసు ముట్టుకోకుండానే సంచిలోంచి కవరు తీసింది.

"అమ్మా, మీరు పెద్దోరు. నా మీద కోపంతోని చేసిండ్రని నేననుకుంటలేను. ఇది మైనం గాదమ్మా. జర మీ చెయ్యి పట్టుండ్రి."

టీచరమ్మ చెయ్యి చాచింది. అక్క తెల్లపొర ఉన్న ముక్క ఒకటి ఆమె అరచేతిలో పెట్టి, ఆమె వేళ్లను తనే మడిచింది. ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకోకుండా కాసేపు అట్లాగే ఉన్నారు. తెరిచాక టీచరమ్మ తన అరచేతి వైపు చాలాసేపు చూసింది. చీర కొంగుతో తుడుచుకోలేదు.

"కరిగిందండి," అన్నది. "మైనం అనడం నా తొందరపాటే. ఒప్పుకుంటాను. ఆ వీడియో తీసేస్తాను."

అక్క ముఖం తేటపడింది. కానీ ఆవిడ మాట అక్కడితో ఆగలేదు.

"మరి ఏ నూనె ఇది?"

"పామాయిల్ అమ్మా."

"నాకు చెప్పలేదేం?"

"మీరడగలేదు," అన్నది అక్క. తర్వాత, "ఎవ్వరడుగరమ్మా," అని నెమ్మదిగా చేర్చింది.

టీచరమ్మ భర్త వైపు చూపించింది. "మా వారికి హైదరాబాదులో గుండె ఆపరేషన్ అయింది. ఇంకా నెల కూడా దాటలేదు. డాక్టరు బొమ్మ గీసి చూపించాడు, రక్తనాళాల్లో ఎట్లా పేరుకుంటుందో. తెల్లగా, ఇదిగో అచ్చం ఇట్లాగే. ఆ రోజు మీ పొట్లం విప్పగానే నాకు ఆ బొమ్మే కనపడింది. మైనం కాకపోతే కాకపోయింది. ఇది లోపలికి వెళ్లి ఇట్లా గడ్డకట్టదని మీరు చెప్పగలరా?"

అక్క నా వైపు చూసింది. ఆ ప్రశ్న నాకే.

"ఒంట్లో వేడి ఉంటుంది కదమ్మా, లోపల ఇట్లా గడ్డకట్టదు," అన్నాను. అంతటితో ఆపేస్తే అక్కకు మేలయ్యేది. కానీ ఆ మచ్చ ముందు కూర్చుని సగం చెప్పి ఊరుకోవడానికి మనసు ఒప్పలేదు. "కాకపోతే, గడ్డకట్టే రకం కొవ్వు ఎక్కువ తింటే రక్తంలో చెడు కొలెస్ట్రాలు పెరుగుతుంది. అది మెల్లమెల్లగా నాళాల్లో పేరుకుంటుంది. పామాయిల్‌లో ఆ రకం కొవ్వు పల్లినూనె లాంటి వాటి కంటే ఎక్కువే."

"అదే నేనూ అంటున్నది," అన్నది ఆమె. గొంతులో గెలిచిన ధ్వని లేదు. అలసట మాత్రమే ఉంది.

మంచం మీది ఆయన అప్పుడు నోరు విప్పాడు. "వాళ్లనేమంటావులే. నేను ముప్పై ఏళ్లు బస్టాండు మిర్చిబజ్జీలు తిన్నాను. అవేం నూనెలో ఎవరికి తెలుసు."

నేను టీ తాగుతూ, బల్ల మీద ఉన్న బిస్కెట్ల కవరును ఊరికే తిప్పి చూశాను. వెనక సన్న అక్షరాల్లో, పిండి, పంచదార తర్వాత మూడోది పామాయిల్. ఆ క్రీములో ఉన్నదీ అదే. గది చల్లదనంలో గట్టిగా నిలబడి, నాలుక మీద పెట్టగానే కరగడం ఆ కొవ్వుకున్న గుణం. అందుకే దాన్ని క్రీముకు వాడతారు. కవరును మళ్లీ బోర్లా పెట్టేశాను.

బస్సులో అక్కకు ఆ సంగతి చెప్పాను.

"ఆడనే చెప్పకపోతివి?"

"ఆమె ఇంట్ల చాయ తాగుకుంట ఎట్ల చెప్తమక్కా. ఆయన గట్ల పండుకుని ఉంటె."

అక్క హుజూర్‌నగర్ దాటాక అన్నది. "నువ్వు సగం నా దిక్కు మాట్లాడినవ్, సగం ఆమె దిక్కు మాట్లాడినవ్."

"రెండూ నిజమే కదక్కా."

"నిజమే. గందుకే నాకు పరేషాన్ ఉన్నది."

టీచరమ్మ మాట నిలబెట్టుకుంది. తన గ్రూపులో వీడియో తీసేసి, అది మైనం కాదని రాసింది. కానీ అప్పటికే అది ఆమె చేయి దాటిపోయింది. సూర్యాపేటలో, మఠంపల్లిలో, మాకు తెలియని ఊళ్లలో తిరుగుతున్నది. ఎక్కడో ఎవరో దానికి పాట జోడించారు. ఇంకెవరో మైనం బదులు జంతువుల కొవ్వు అన్నారు. ఎవరో ఫిర్యాదు చేస్తే అధికారి ఒకరు వచ్చి నూనె, కారప్పూస శాంపిళ్లు తీసి సీలు వేసుకుని పోయాడు. మర్యాదగానే మాట్లాడాడు. రిపోర్టు రావడానికి సమయం పడుతుందన్నాడు. వీధిలో వాళ్లు మాత్రం జీపు వచ్చి ఆగడం చూశారు, అంతే.

ఆ రోజుల్లో అక్క పంతం పట్టింది. పామాయిల్ బంద్ అన్నది. ముందు పల్లినూనెతో చేసింది. రేకుల షెడ్డంతా కమ్మటి వాసనతో నిండిపోయింది. తిన్నవాళ్లు మెచ్చుకున్నారు. రేటు విని కవరు కింద పెట్టారు. తర్వాత పొద్దుతిరుగుడు నూనె తెచ్చింది. చలికి గడ్డకట్టదు కాబట్టి తెల్లపొర మాట లేదు. కానీ కారప్పూస కవరుకు నూనె మరకలు పడ్డాయి. గట్టిపడని నూనె పిండిని పట్టుకుని ఉండదు, బయటికి ఊరుతుంది. కొన్ని వారాలకే పాత నూనె వాసన వచ్చింది. ఒక దుకాణం వాళ్లు వాపసు పంపుతూ, "పాతవే మంచిగుండెగదమ్మా," అన్నారు. బావ మిల్లు వాడు కాబట్టి తవుడు నూనె సంగతి ఎత్తాడు. అదీ ప్రయత్నించింది. అది ఫరవాలేదు, కానీ ఆమె అడిగినంత నూనె ఇక్కడ ఏ హోల్‌సేలు వాడూ ప్రతి వారం తప్పకుండా ఇస్తానని మాట ఇవ్వలేదు.

నేను సూర్యాపేటలో కిరాణా దుకాణానికి పోయినప్పుడల్లా కవర్ల వెనక చదవడం మొదలుపెట్టాను. బిస్కెట్లలో ఉంది. నూడుల్స్‌ను ముందే అందులో వేయించి తేమ పోగొడతారు. చిప్స్, రస్కులు, కప్పు ఐస్‌క్రీము, చాక్లెట్ పూత. బేకరీ పఫ్ పొరలు పొరలుగా విడిపోవడానికి ఆ గట్టి కొవ్వే కారణం. పిండి పొరల మధ్య అది కరగకుండా నిలబడి, ఓవెన్ వేడికి కరిగి దారి వదులుతుంది. చలికి గట్టిపడే గుణాన్ని పెద్ద కంపెనీలు ఒక సుగుణంగా వాడుకుంటున్నాయి. మా అక్క దగ్గర అదే గుణం నేరమై బయటపడింది. ఇది చెబితే అక్క సంతోషిస్తుందనుకున్నాను. ఆమె ముఖం ఇంకా ముడుచుకుపోయింది.

"అంటె పిల్లలు పొద్దుగాల నుంచి పండుకునే దాక గదే తింటున్నరన్నట్టు. దాని మీద నాది గూడ."

ఒక ఆదివారం పెన్‌పహాడ్ పోదామన్నది. అక్కడ మా మేనమామ వరి మానేసి ఆయిల్‌పామ్ తోట పెట్టాడు. ఇన్నేళ్లు ఆ నూనెలో చెయ్యి పెట్టి బతికిన అక్క ఆ చెట్టును చూడనే లేదు. పోయాం. మట్టల మొదళ్లలో ముళ్ల మధ్య గెలలు దిగబడి ఉన్నాయి. మామ పొడుగు కర్రకు కట్టిన కొడవలితో ఒక గెల కోసి కింద పడేశాడు. ధనాల్న పడింది. కాయలు పైన నల్లగా, మొదలు దగ్గర నారింజ రంగులో ఉన్నాయి. అక్క ఒకటి పీకి గోటితో నొక్కింది. వేళ్లు పసుపూ కుంకుమా కలిపి రాసుకున్నట్టయ్యాయి.

"గింత ఎర్రగుంటదా? మరి పాకెట్ల తెల్లగెట్లొస్తది మామా?"

"ఫ్యాక్టరీల రంగు గుంజుతరు బిడ్డా. వాసన గూడ గుంజుతరంట, బాగ వేడి పెట్టి. మాకేం తెల్వది. మాది గెల కోసి బండెక్కిచ్చెటందుకే. కోసినంక నిలువ ఉంచితె లోపలి నూనె పులుస్తది, వాళ్లు తీసుకోరు."

"మీ ఇంట్ల దీంతోనే వండుతరా?"

మామ నవ్వాడు. "మేమెందుకు వండుతమే? మేం పల్లినూనె గానుగ పట్టిచ్చుకుంటం."

మామ చెడ్డ ఉద్దేశంతో అనలేదు. కానీ అక్క వెంటనే పోయి బోరు దగ్గర చేతులు కడుక్కుంది. సబ్బు పెట్టినా ఆ నారింజ రంగు గోళ్ల సందుల్లో ఉండిపోయింది.

ఇంటికి వచ్చాక ఆమె చేసిన మొదటి పని నాకు గుర్తుంది. సాయంత్రం బావ మిల్లు నుంచి రాగానే విరిగిన కారప్పూస ముక్కల డబ్బా తీసుకుని టీవీ ముందు కూర్చోవడం అలవాటు. ఆ రోజు డబ్బా అక్కడ లేదు. బావ వెతికాడు. అక్క లోపల నుంచి వేయించిన శనగలు తెచ్చి ముందు పెట్టింది.

"గిదేంది?"

"ఇగ నుంచి గివే తినుండ్రి. రేపు దవాఖానకు పోయి రక్తం గూడ సూపెట్టుకుందాం."

బావ శనగల వైపు చూశాడు. కోపగించుకోలేదు. "మంది పిల్లలకు అమ్మొచ్చు గని మనం తినొద్దా?" అన్నాడు.

అక్క వంటింట్లోకి పోయింది. నేను వెనక పోతే, పొయ్యి వెలిగించకుండా దాని ముందు నిలబడి ఉంది. ఏడవడం లేదు. "నీ బావ అడిగిందానికి నీ సైన్సుల జవాబుంటె చెప్పు," అన్నది. నేను కొద్దిగా తింటే ప్రమాదం లేదనీ, రోజూ తినడమే సమస్య అనీ ఏదో అన్నాను. బావ రోజూ తినేవాడు. పిల్లలు ఎంత తింటారో మాకు తెలియదు. నా మాట నాకే అతికినట్టు అనిపించలేదు.

బావ రక్తపరీక్షలో కొలెస్ట్రాలు ఎక్కువే వచ్చింది. డాక్టరు మాత్రలు రాశాడు. అది కారప్పూస వల్లనా, బావ మానని మాంసం వల్లనా, వాళ్ల ఇంటి రక్తంలోనే ఉన్నదా ఎవరూ చెప్పలేరని కూడా ఆయనే అన్నాడు. అక్క మాత్రం ఆ మాటల్లో తనకు కావలసింది కాదు, తనను గుచ్చేదే ఏరుకుంది.

సాయానికి వచ్చే ఇద్దరిలో ఒకామెను ఆ రోజుల్లోనే రావద్దనవలసి వచ్చింది. పని లేదు. ఆమె గొడవ పెట్టలేదు. "మళ్ల పని మొదలైతె పిలువక్కా," అని చెప్పుల్లో కాళ్లు పెట్టుకుంది. అక్క ఆ మధ్యాహ్నం అన్నం తినలేదు. మరునాడు పామాయిల్ డబ్బా మళ్లీ తెప్పించింది. తనకు వేరే దారి కనపడలేదని ఎవరికీ సంజాయిషీ ఇవ్వలేదు. కానీ ఒక పని చేసింది. కవరు మీద అతికించే చీటీల మీద తన దుకాణం పేరు కింద, అదే సైజు అక్షరాల్లో, "పామాయిల్‌తో చేసినవి. చలికి తెల్లగా పేరుకుంటుంది" అని అచ్చు వేయించింది. బావ అది చూసి తల పట్టుకున్నాడు. పెద్ద పెద్ద కంపెనీలే భూతద్దం పెడితే గానీ కనపడకుండా వేస్తుంటే, నువ్వు బోర్డు కడతావా అన్నాడు. ఆ చీటీ చూసి సరుకు వద్దన్న దుకాణాలు ఉన్నాయి.

శాంపిళ్ల రిపోర్టు ఎండలు ముదిరాక వచ్చింది. కల్తీ ఏమీ లేదు, నూనె నూనేనని ఉంది. అక్క దాన్ని ఫోటో తీసి వీడియో వచ్చిన గ్రూపులన్నిటికీ పంపించమని నాకిచ్చింది. పంపాను. ఒకరిద్దరు దండం బొమ్మ పెట్టారు. దాని కింద వెంటనే ఎవరో వడదెబ్బకు చిట్కాలు పెట్టారు. మా రిపోర్టు పైకి పోయి కనపడకుండా పోయింది.

అప్పటికే ఆర్డర్లు మళ్లీ మొదలయ్యాయి. పెళ్లిళ్ల కాలం. ఎండకు నూనె నీళ్లలా పారుతున్నది. కారప్పూస బంగారం రంగులో మెరుస్తున్నది. ఒక్క తెల్ల చుక్క లేదు. నూనె అదే, చేయి అదే. కంటికి కనపడేది లేదు కాబట్టి ఎవరికీ భయం లేదు. పని మానిపించిన ఆమెను అక్క మళ్లీ పిలిచింది. ఆమె వచ్చింది. షెడ్డులో మాటలు, గొట్టాల్లోంచి పిండి వత్తే చప్పుడు తిరిగి వచ్చాయి. నేను ఊపిరి పీల్చుకున్నాను. అక్క పీల్చుకోలేదు.

మొన్న వేసవి సెలవుల్లో నేను దుకాణంలో కూర్చుని ఉండగా మాడుగులపల్లి నుంచి ఒకామె వచ్చింది. కూతురి శ్రీమంతానికి గవ్వలు, సకినాలు కావాలన్నది. అక్క ఎప్పటిలాగే, అడగకముందే చెప్పింది.

"అమ్మా, ఇవి పామాయిల్‌తోని చేస్తం. మీకు పల్లినూనెతోని గావాల్నంటె చేసిస్త. జర రేటు ఎక్కువైతది."

ఆమెకు ఆశ్చర్యమేసింది. ఇట్లా చెప్పే దుకాణం ఆమె చూసి ఉండదు. "గందరు గదే తింటున్నరు గదక్కా. మాకేమైతది? గివే కట్టు," అన్నది.

అక్క కట్టింది. తూకానికి పైన రెండు గవ్వలు ఎక్కువే వేసింది. ఆమె సంచులు రెండు చేతులా పట్టుకుని ఆటో వైపు నడిచింది. అక్క త్రాసు పక్కన నిలబడి, ఆటో మలుపు తిరిగేదాకా ఆమె వైపే చూస్తూ ఉంది.

"ఏమక్కా?" అన్నాను.

"ఏం లేదు. ఇంట్ల కడుపుతోని ఉన్న పిల్ల ఉన్నదన్నది గద. ఎన్ని తింటదో అని," అన్నది. తర్వాత లోపలికి పోయి, వత్తిన పిండి ఆరిపోతున్నదని ఆడవాళ్లను కేకేసింది.